సంఖ్యా వినోదములు – హార్డీ తీర్పు

నలుగురు కూడి కాలక్షేపము చేయుచోట సంఖ్యలను గూర్చిన వింత ఒకటి చెప్పినవానికి మెప్పు తప్పక దొరకును. 12345679 ను 9 చేత గుణించిన తొమ్మిది ఒకట్లు వరుసగా వచ్చునని ఒకరు చెప్పగా, వినువారు కాగితమును పెన్సిలును వెదకుదురు. గుణకారము చేసి చూతురు. మాట నిజమని తేలగానే ముచ్చటపడుదురు. అంతట సంభాషణ మరియొక విషయము మీదికి పోవును. ఇట్టి వింతలను ఏర్చికూర్చిన పుస్తకములు అనేక భాషలలో గలవు. పాఠశాలలలో గణిత సంఘముల సభలు జరుగునపుడు పిల్లలు ఉత్సాహముతో చెప్పునవియు ఇవియే.

ఇంత ఆదరము గల ఈ వింతలకు గణితశాస్త్రములో స్థానమేమి? ఇవి శాస్త్రమునకు వాకిళ్లా, లేక వాకిట వేసిన ముగ్గులు మాత్రమేనా? ఈ ప్రశ్నకు ఇరువదవ శతాబ్దపు గొప్ప గణితజ్ఞులలో ఒకడగు జి. హెచ్. హార్డీ ఖండితమైన సమాధానము నొకదానిని ఇచ్చెను. ఆ సమాధానము గణితోపాధ్యాయులు అనేకులు అంగీకరించినది. అందుచేతనే దానిని పరీక్షించి చూచుట అవసరము.

హార్డీ అభిప్రాయము

హార్డీ 1940లో “ఏ మాథమెటీషియన్స్ అపాలజీ” అను చిన్న పుస్తకమును ప్రకటించెను. గణితజ్ఞుడు తన జీవితమును ఈ శాస్త్రమునకు ధారపోయుట న్యాయమేనా అను ప్రశ్నకు అది సమాధానము. అందులో ఆయన గంభీరమైన గణితమునకును వినోదమాత్రమైన గణితమునకును గల భేదమును వివరించుచు, రెండవ రకమునకు రెండు ఉదాహరణములు చూపెను.

మొదటిది: నాలుగంకెల సంఖ్యలలో, తన్ను తిరగవ్రాయగా వచ్చు సంఖ్యకు పూర్ణ గుణిజములగునవి 8712, 9801 అను రెండే. 8712 = 4 × 2178; 9801 = 9 × 1089. రెండవది: తన అంకెల ఘనముల మొత్తమునకు సమానమగు సంఖ్యలు, ఒకటి గాక, నాలుగే గలవు. అవి 153, 370, 371, 407.

ఇవి పత్రికల చిక్కుప్రశ్నల శీర్షికకు తగినవనియు, గణితజ్ఞుని ఆకర్షింపగల దేదియు వీనిలో లేదనియు హార్డీ తీర్పు చెప్పెను. వీని ఉపపత్తులు కష్టమైనవి కావు, రుచిగలవియు కావు. కొంచెము విసుగు పుట్టించునవి మాత్రమే. వీని దోషము మితిమీరిన ప్రత్యేకతయే యనియు, చెప్పుకోదగిన సామాన్యీకరణమునకు ఇవి లొంగవనియు ఆయన వాదము.

తీర్పునకు ఆధారమైన సూత్రము గొప్పది. ఒక సత్యము విలువ, అది ఎన్ని ఇతర సత్యములతో ముడిపడియున్నదో దానినిబట్టి యుండును. ఒంటరిగా నిలిచిన వింత ఎంత ఆశ్చర్యకరమైనను శాస్త్రమునకు పెద్ద లాభము లేదు. దీనిని ఎవరును కాదనరు. అయితే సూత్రము సరియైనదైనంత మాత్రమున దానిని ప్రయోగించిన ప్రతిచోటను తీర్పు సరియైనది కానక్కరలేదు. ఆయన చూపిన ఉదాహరణములు నిజముగా ఒంటరివేనా?

1089 యొక్క వరుస

9801, 8712 అను రెండింటిని విడివిడిగా చూచినంత కాలము అవి కేవలము వింతలే. కాని 1089 యొక్క ఎక్కమును పలకమీద వ్రాసిన ఏమి కనబడును?

1089, 2178, 3267, 4356, 5445, 6534, 7623, 8712, 9801.

మొదటి సంఖ్యను తిరగవ్రాసిన చివరిది వచ్చును. రెండవదానిని తిరగవ్రాసిన చివరినుండి రెండవది వచ్చును. 3267కు 7623, 4356కు 6534 జతలు. నడుమనున్న 5445 తిరగవ్రాసినను మారదు. అనగా 1089కి ఎన్ని రెట్లు తీసికొన్నను, దానిని తిరగవ్రాసినపుడు పదిలో మిగిలినన్ని రెట్లు వచ్చును: రెండు రెట్లు తిరుగబడి ఎనిమిది రెట్లగును, మూడు రెట్లు ఏడు రెట్లగును. ఇక హార్డీ చెప్పిన సంఖ్యలు ఎక్కడినుండి వచ్చినవో విద్యార్థికే తెలియును. తిరగవ్రాసిన సంఖ్య మొదటిదానికి పూర్ణ గుణిజము కావలెనన్న, ఒకటి తొమ్మిదిని భాగించును గనుక 9801 వచ్చినది. రెండు ఎనిమిదిని భాగించును గనుక 8712 వచ్చినది. మూడు ఏడును భాగింపదు. నాలుగు ఆరును భాగింపదు. ఐదు ఐదునే భాగించుటవలన వచ్చునది 5445. అందు తిరుగుట యనునదే లేదు. ఈ వరుసలో రెండే సంఖ్యలుండుటకు కారణము, ఐదుకంటె చిన్నవైన పది యొక్క భాజకములు 1, 2 మాత్రమే యగుట.

ఇంతకు ఈ ఎక్కము ఇట్లేల ప్రవర్తించును? పదికి బదులు క అను అక్షరము నుంచినచో 1089 రూపము క³ + (క−2)క + (క−1) అగును. దీనిని సూక్ష్మీకరింపగా క³ + క² − క − 1 వచ్చును. కారణాంకములుగా వ్రాసిన అది (క−1)(క+1)². దీనిని మరల (క−1) చేత గుణించిన (క²−1)² వచ్చును. అనగా క⁴ − 2క² + 1. కకు పదిని తిరిగి ప్రతిక్షేపించిన ఇదే 9801, అనగా 99 యొక్క వర్గము. ఉన్నత పాఠశాలలో నేర్పు బీజగణితమునకు మించిన దేదియు ఇందులో లేదు.

అక్షరముతో చేసిన లెక్క పదికే కట్టుబడి యుండదు. ఎనిమిది ఆధారముగా సంఖ్యలను వ్రాయువారుందురనుకొన్నచో, వారి వ్రాతలో 1067 ను 7 చేత గుణించిన 7601 వచ్చును. మన వ్రాతలో అది 567 × 7 = 3969, అనగా 63 యొక్క వర్గము. నడుమ తొమ్మిదులు చేర్చినను వింత నిలుచును: 10989 × 9 = 98901; 109989 × 9 = 989901; 21978 × 4 = 87912. ఈ వరుసకు అంతము లేదు.

కాబట్టి మొదటి ఉదాహరణము విషయములో హార్డీ తొందరపడెననక తప్పదు. నాలుగంకెల సంఖ్యలలో ఈ రెండు తప్ప మరి లేవని నిర్ధారించుటకు ఒక్కొక్క అవకాశమును పట్టి చూడవలసియుండుట నిజమే. అది విసుగైన పనియే. కాని ఆ విసుగు వెనుక ఒక చక్కని బీజగణిత సమీకరణము దాగియున్నది. 1966లో ఎలన్ సట్‌క్లిఫ్ అను నతడు “మాథమెటిక్స్ మేగజీన్”లో ఈ సంఖ్యలను అన్ని ఆధారములకును విస్తరించి చర్చించెను. తరువాతి కాలమున మరికొందరు వీనిపై వ్యాసములు వ్రాసిరి. ఒంటరిదని త్రోసివేసిన వింతకు పెద్ద కుటుంబమే యున్నదని తేలినది.

సంభాషణలలో తరచుగా వినబడు మరియొక గారడి ఈ కుటుంబములోనిదే. మొదటి అంకెయు చివరి అంకెయు వేరుగా నున్న మూడంకెల సంఖ్య నొకదానిని తలచుకొని, దానిని తిరగవ్రాసి, పెద్దదాని నుండి చిన్నదానిని తీసివేయవలెను. వచ్చిన శేషమును తిరగవ్రాసి దానికే కూడవలెను. 732 − 237 = 495; 495 + 594 = 1089. శేషము 99 వచ్చినపుడు దానిని 099 అని వ్రాసికొనవలెను. ఏ సంఖ్యతో మొదలిడినను ఫలము 1089యే. మొదటి తీసివేతలో వచ్చునది ఎల్లప్పుడును 99 యొక్క గుణిజమగుటయే ఇందలి కీలకము.

అంకెల ఘనములు

రెండవ ఉదాహరణము సంగతి వేరు. 153 = 1 + 125 + 27; 370 = 27 + 343 + 0; 407 = 64 + 0 + 343. ఇవి ఎందుకు పరిమితముగా నున్నవో చెప్పుట సులభము. తొమ్మిది ఘనము 729. ఐదంకెల సంఖ్యలో అన్నియు తొమ్మిదులే యైనను ఘనముల మొత్తము 3645 దాటదు. ఐదంకెల సంఖ్య యేదియు 10000కు తగ్గదు. కావున అట్టి సంఖ్యకు ఐదంకెలుండవు. నాలుగంకెలకు గరిష్ఠము 2916. ఆపైన మిగిలినది వెదకులాటయే. ఈ వెదకులాటలో రుచి లేదని హార్డీ చెప్పినది నిజము.

ఘనముల స్థానమున అంకెలెన్నియో అన్నవ ఘాతమును తీసికొని వెదకులాటను పెంచిన వారును గలరు. పదహారు వందలును ముప్పదినాలుగు గూడిన 1634 ఇట్టిది: 1 + 1296 + 81 + 256. అరువదికి మించిన అంకెలు గల సంఖ్య ఇట్లుండుట అసంభవము. ఏలయన 61 అంకెలన్నియు తొమ్మిదులైనను ఘాతముల మొత్తమునకు 61 అంకెలు రావు. కంప్యూటరు సాయముతో జరిపిన వెదకులాటలో దశాంశ పద్ధతియందు ఇట్టివి మొత్తము 88 అనియు, వానిలో పెద్దదానికి 39 అంకెలు గలవనియు తేలినది. ఈ పట్టికను చదివినవాడు సంఖ్యలను గూర్చి క్రొత్తగా నేర్చుకొనున దంతగా లేదు. హార్డీ సూత్రము ఇచ్చట చక్కగా వర్తించును.

అయినను ఇందును రెండు చిన్న ప్రశ్నలు విద్యార్థికి పనికివచ్చునవి గలవు. నాలుగు సంఖ్యలలో 370, 371 పక్కపక్కనే ఏలయుండవలెను? సున్న ఘనము సున్న, ఒకటి ఘనము ఒకటి. చివరి సున్నను ఒకటిగా మార్చిన సంఖ్యయు, ఘనముల మొత్తమును సమానముగా ఒకటి చొప్పున పెరుగును. కావున 370 నిజమైన వెంటనే 371యు నిజము కాక తప్పదు. ఆశ్చర్యములు నాలుగు కావు, మూడే. ఆశ్చర్యములను ఇట్లు తగ్గించుటయే శాస్త్రము చేయు పని.

రెండవ ప్రశ్న 153ను గూర్చినది. మూడు యొక్క గుణిజము నేదైన తీసికొని అంకెల ఘనములను కూడి, వచ్చినదానికి మరల అట్లే చేయుచు పోయిన కడకు 153 చేరుదుము. 12తో మొదలిడిన 9, 729, 1080, 513, 153. ఏల? ఒక అంకెయు దాని ఘనమును మూడు చేత భాగింపగా ఒకే శేషము వచ్చును. సంఖ్యయు దాని అంకెల మొత్తమును అట్లే. కాబట్టి మూడు యొక్క గుణిజములు తమ గుంపు దాటిపోవు. పెద్ద సంఖ్యలు త్వరలోనే చిన్నవగును. అటుపిమ్మట మిగిలిన కొద్ది సంఖ్యలను పరీక్షింపగా దారులన్నియు 153కే పోవును. సగము తర్కము, సగము వెదకులాట: ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయవలెనో తెలిసికొనుటయు ఒక పాఠమే.

ఏడవ వంతు వెనుక

హార్డీ పేర్కొనని వింతలలో అందరికి తెలిసినది 142857. దీనిని 2, 3, 4, 5, 6 చేత గుణించిన అవే అంకెలు అదే వరుసలో చుట్టుతిరిగి వచ్చును: 285714, 428571, 571428, 714285, 857142. ఏడు చేత గుణించిన 999999. చాలమంది ఇంతటితో ముగింతురు. అట్లు ముగించిన అది గారడియే.

ఒకటిని ఏడు చేత భాగించి చూచిన గారడి తొలగిపోవును. ఒకటిలో ఏడవ వంతు 0.142857142857… అగును. భాగహారములో వరుసగా వచ్చు శేషములు 1, 3, 2, 6, 4, 5. ఏడు చేత భాగింపగా రాగల శేషములు, సున్న గాక, ఆరే. ఆరును ఒకే చక్రములో వచ్చినవి. మూడు బై ఏడును భాగించుట యనగా ఆ చక్రములో మూడు అను శేషము వద్ద ఎక్కుట మాత్రమే. కాబట్టి అవే అంకెలు మరియొక చోటినుండి మొదలగును.

ఇక పదమూడుతో ప్రయత్నించిన ఏమగును? ఒకటి బై పదమూడు 076923 అను ఆరంకెల చక్రమును ఇచ్చును. దానిని 3 చేత గుణించిన 230769, అంకెలు చుట్టుతిరిగినవి. 2 చేత గుణించిన 153846. ఇవి వేరే అంకెలు. పండ్రెండు శేషములు ఒకే చక్రముగా గాక రెండు చక్రములుగా చీలినవి. ఏడు చేసిన పని పదమూడు చేయలేదు. నూరు లోపలి ప్రధాన సంఖ్యలలో ఏడువలె ప్రవర్తించునవి తొమ్మిది: 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. ఇట్టివి అంతులేనన్ని గలవా?

ఈ అమాయకమైన ప్రశ్న సంఖ్యాశాస్త్రపు లోతులలోనికి దారితీయును. ఆవర్తన దశాంశముల చక్రములను 1801లోనే గాస్ తన గ్రంథమున చర్చించెను. ఇట్టి ప్రధాన సంఖ్యలు అనంతమనియు, ప్రధాన సంఖ్యలలో నూటికి సుమారు 37 ఇట్టివే యుండవలెననియు తేల్చు ఊహను 1927లో ఎమిల్ ఆర్టిన్ ప్రతిపాదించెను. సామాన్యీకృత రీమాన్ ఊహ నిజమైనచో ఇదియు నిజమని 1967లో క్రిస్టఫర్ హూలీ నిరూపించెను. ఆ షరతు లేకుండ పది విషయమున దీనికి నేటికిని ఉపపత్తి లేదు. చిక్కుప్రశ్నల శీర్షికలో తిరుగాడు 142857, పరిష్కారము కాని సమస్య గడపమీద నిలిచియున్నది. హార్డీ ఈ సంగతులు ఎరుగనివాడు కాడు. ఆయనయు ఇ. ఎమ్. రైటును కలసి వ్రాసి 1938లో ప్రకటించిన సంఖ్యాశాస్త్ర గ్రంథములో దశాంశములకు ఒక అధ్యాయమే కేటాయింపబడినది. అంకెలలో కనబడు వింత యెల్ల అల్పమని చెప్పుటకు ఆయన గ్రంథమే అడ్డము వచ్చును.

ఈ వింతకు మన దేశమున చాల పాత చరిత్ర గలదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన “గణితసారసంగ్రహము”లో, గుణకార లబ్ధములు కంఠాభరణములవలె నుండు లెక్కలు కొన్ని గలవు: 139 × 109 = 15151; 152207 × 73 = 11111111; 142857143 × 7 = 1000000001. 12345679 × 9 లెక్కయు వానిలోనిదే. ఈ గ్రంథమునే 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. గణితము తెలుగున పద్యరూపము దాల్చిన తొలి కాలమది. పై హారములలో మూడవదానిని విప్పి చూచిన 142857000 ను 143 ను కూడినదే. మొదటిదానిని 7 చేత గుణించిన 999999000, రెండవదానిని గుణించిన 1001, మొత్తము 1000000001. ఏడవ వంతు చక్రమును, 7 × 11 × 13 = 1001 అను సత్యమును కలసి ఆ హారమును గ్రుచ్చినవి.

దేవలాలీ ఉపాధ్యాయుడు

నాసిక్ సమీపమున దేవలాలీలో పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కప్రేకర్ (1905–1986) తన జీవితమంతయు ఇట్టి సంఖ్యలను వెదకుటకే వినియోగించెను. ఒకట్లే గల సంఖ్యలను వర్గము చేయగా వచ్చు 121, 12321, 1234321 మొదలగువానికి ఆయన ఒక రైల్వేస్టేషను పేరున “డెమ్లో సంఖ్యలు” అని పేరిడెను. ఈ వరుస తొమ్మిది ఒకట్ల వరకు అందముగా సాగి 12345678987654321 అగును. పది ఒకట్ల వర్గము మాత్రము 1234567900987654321. గుణకారములో నడిమి నిలువు వరుసకు పది ఒకట్లు చేరుటచే స్థానము పొంగి ఎడమకు పోయినది. అందము చెడిన ఈ చోటనే దాని కారణము బయటపడును; తొమ్మిదితోనే ఆపి చూపువారు ఆ కారణమును దాచుచున్నారు.

కప్రేకర్ 1949లో మద్రాసున జరిగిన గణిత సభలో ప్రకటించినది 6174 అను సంఖ్య. నాలుగంకెలును ఒకటే కాని నాలుగంకెల సంఖ్యను తీసికొని, అంకెలను పెద్దనుండి చిన్నకును, చిన్ననుండి పెద్దకును అమర్చి, మొదటిదాని నుండి రెండవదానిని తీసివేయవలెను. వచ్చిన శేషముతో మరల అట్లే చేయవలెను. 3524తో: 5432 − 2345 = 3087; 8730 − 0378 = 8352; 8532 − 2358 = 6174. ఆపైన 7641 − 1467 = 6174; ఇక మార్పు లేదు. ఏ సంఖ్యతో మొదలిడినను ఏడు మెట్లలోపల ఇచ్చటికే చేరుదుము.

దీనిని పరీక్షించుటకు 8,991 సంఖ్యలను పట్టి చూడవలెనా? అక్కరలేదు. పెద్దనుండి చిన్నకు అమర్చిన అంకెలు చ, ట, త, ప అనుకొన్నచో శేషము 999(చ−ప) + 90(ట−త) అగును. అనగా శేషము నాలుగంకెలపై గాక రెండు భేదములపైననే ఆధారపడును. మొదటి భేదము 1 నుండి 9 వరకు ఏదైన కావచ్చును. రెండవది మొదటిదానిని మించదు. లెక్కింపగా అవకాశములు 54 మాత్రమే. ఒక తరగతిలోని పిల్లలు తలకొకటి రెండు పంచుకొన్న ఒక్క గంటలో పూర్తిచేయగల పని. వేలకొలది సంఖ్యలను ఏబదినాలుగు జాతులుగా కుదించుటలో గల నేర్పు 6174 అను సంఖ్యకంటె విలువైనది.

కప్రేకర్ శ్రమను ఆయన కాలపు గణితజ్ఞులు పలువురు గంభీరముగా తీసికొనలేదు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ “సైంటిఫిక్ అమెరికన్”లో వ్రాసిన తరువాత ఆయన పేరు ప్రపంచమున వ్యాపించినది. విమర్శకుడు ఇచ్చట సమతూకము తప్పరాదు. మూడంకెలకు 495 అను ఒకే గమ్యము గలదు. రెండంకెలకు గమ్యము లేక 09, 81, 63, 27, 45 అను చక్రము మాత్రము గలదు. ఐదంకెలకును ఏకైక గమ్యము లేదు. పరిమితమైన సంఖ్యలతో ఒకే పనిని మరల మరల చేసిన ఎప్పుడో ఒకప్పుడు పాతదానికి తిరిగి వచ్చుట తప్పదు. అది సామాన్య సత్యము. నాలుగంకెలకు ఒకే గమ్యము ఏర్పడుట మాత్రము పది అను ఆధారముతో కుదిరిన పొందిక. హార్డీ చెప్పిన ప్రత్యేకత ఇచ్చట కొంత గలదని ఒప్పుకొనవలెను. కాని ప్రత్యేకమైనదానిని వేరుచేసి చూపుటకైనను సామాన్యమైన తర్కమే కావలసివచ్చినది.

హార్డీయే వేసిన ప్రశ్న

సంఖ్యా వినోదములలో లోకప్రసిద్ధమైన కథకు మూలము హార్డీయే యగుట విశేషము. పట్నీలో జబ్బుపడియున్న శ్రీనివాస రామానుజన్‌ను చూడవచ్చిన హార్డీ, తాను వచ్చిన టాక్సీ సంఖ్య 1729 అనియు, అందు విశేషమేమియు కనబడలేదనియు చెప్పెను. రెండు ఘనముల మొత్తముగా రెండు విధములుగా వ్రాయదగిన సంఖ్యలలో అదియే చిన్నదని రామానుజన్ వెంటనే బదులు చెప్పెను: 1729 = 12³ + 1³ = 10³ + 9³. ఈ సత్యము 1657లో ఫ్రెనికిల్ అను ఫ్రెంచి గణితజ్ఞునికి తెలిసినదే.

కథ చెప్పువారు సాధారణముగా ఇచ్చటనే ఆగుదురు. వినువారు రామానుజన్ జ్ఞాపకశక్తికి అబ్బురపడుదురు. కాని హార్డీ వ్రాసిన వృత్తాంతము అంతటితో ముగియలేదు. నాలుగవ ఘాతముల విషయమున ఇట్టి సంఖ్య యేదని హార్డీ అడిగెను. రామానుజన్ కొంచెముసేపు ఆలోచించి, తనకు తోచుటలేదనియు, అట్టి సంఖ్య చాల పెద్దదై యుండవలెననియు చెప్పెను. నిజముగానే అది 635318657. 158⁴ + 59⁴ అనియు 134⁴ + 133⁴ అనియు వ్రాయవచ్చును. దానిని ఆయిలర్ 18వ శతాబ్దమున కనుగొనియుండెను.

రోగి మంచము పక్కన హార్డీ వేసిన ఆ ఒక్క ప్రశ్నయే సంఖ్యా వినోదమునకు నిజమైన పరీక్ష. ఘనములకు ఇట్లైన, నాలుగవ ఘాతములకు ఎట్లు? తన పుస్తకములో 8712ను చూచి ఆయన ఈ ప్రశ్న వేయలేదు. వేసియున్నచో పదికి బదులు మరియొక ఆధారమును తలచియుండెడివాడు.

1729 వెనుక రామానుజన్‌కు జ్ఞాపకశక్తియే గాక పద్ధతియు ఉండెను. కేంబ్రిడ్జిలో భద్రపరుపబడిన ఆయన వ్రాతలలో 9³ + 10³ = 12³ + 1; 6³ + 8³ = 9³ − 1; 135³ + 138³ = 172³ − 1 అనునట్టి సమీకరణములను అంతులేకుండ పుట్టించు సూత్రములు గలవు. రెండు ఘనముల మొత్తము మరియొక ఘనము కానేరదు. ఒకటి తేడాలో మాత్రము ఎన్నిమార్లైనను తప్పిపోగలదు. ఆ పుటను ఆధారముగా గొని కెన్ ఓనో, సారా ట్రెబాట్-లెడర్ అనువారు 2016లో ప్రకటించిన వ్యాసము, ఆ సూత్రములకు ఆధునిక బీజీయ జ్యామితితో గల సంబంధమును చూపినది. టాక్సీ సంఖ్యను గూర్చిన ముచ్చట ఒంటరిది కాదు.

తరగతిలో వీని స్థానము

హార్డీ తీర్పును యథాతథముగా గ్రహించిన ఉపాధ్యాయుడు, వింత నొకదానిని తెచ్చిన విద్యార్థిని “ఇది లెక్కల పాఠము కాదు” అని కూర్చుండబెట్టును. తీర్పును పూర్తిగా త్రోసివేసినవాడు వింతమీద వింత చెప్పి తరగతిని నవ్వించి గంట గడపును. రెండువిధముల నష్టపడునది విద్యార్థియే. మొదటివాని చేతిలో కుతూహలము చచ్చును. రెండవవాని చేతిలో అది కడుపు నిండకుండనే చల్లారును. వినోద గ్రంథములలో అనేకములు ఈ రెండవ దోషము గలవియే. అవి సంఖ్యల వింతలను కారణము విడిచి ఫలమును మాత్రము ఇచ్చును. చదువరి వానిని జ్ఞాపకముంచుకొని మరియొకరికి అప్పజెప్పును. సంఖ్యలయందు ఏదో మహిమ గలదను భ్రమ కూడ దీనివలననే పుట్టును.

ఏ వింత చెప్పినను వెంట మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది ఎందుకు జరిగినది? ఎంతవరకు సాగును, ఎక్కడ ఆగును? పదిని మార్చినచో నిలుచునా? 9801 మూడింటికిని నిలిచినది. పది ఒకట్ల వర్గము రెండవ ప్రశ్నకు చక్కని సమాధానము. 1729 ఏ ఆధారమున వ్రాసినను అదే సంఖ్య గనుక మూడవ ప్రశ్న దానిని తాకనైన తాకదు. 88 సంఖ్యల పట్టిక మొదటి ప్రశ్నవద్దనే అలసిపోవును. ఈ విధముగా వడపోసినచో హార్డీ కోరిన గంభీరతకును, విద్యార్థి కోరు సరదాకును వైరము లేదని తెలియును.

అభ్యాసమునకు ఒకటి: పన్నెండు ఆధారముగా సంఖ్యలను వ్రాసినచో, 1089 వరుసను పోలిన వరుసలో, తిరగవ్రాయగా తమకే గుణిజములగు నాలుగంకెల సంఖ్యలు రెండు గాక నాలుగు వచ్చును. పన్నెండు భాజకములను తలచుకొన్న ఆ నాలుగింటిని విద్యార్థులే కనుగొనగలరు.